సుప్రా, జెడ్4: ఒకే చట్రం, రెండు ముఖాలు

టొయోటా 2019లో తిరిగి తెచ్చిన జీఆర్ సుప్రా, బీఎండబ్ల్యూ జెడ్4 రెండూ ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో ఒకే కర్మాగారంలో తయారైన కార్లు. రెండింటి వీల్‌బేస్, అంటే ముందు వెనుక చక్రాల ఇరుసుల మధ్య దూరం, 2,470 మిల్లీమీటర్లే. 3 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను కూడా బీఎండబ్ల్యూదే. కనుక తేడాను వెతకవలసింది పైరేకులోనూ ధరలోనూ.

కువైట్‌లో ఉన్న రోజుల్లో సుప్రాను దగ్గరగా చూశాను. వెనుక చక్రాలపై ఉబ్బిన భుజాలు, రెండు గుబ్బలుగా లేచిన పైకప్పు ముచ్చటగానే ఉన్నాయి. కానీ తలుపు మీది గాలి రంధ్రంలో వేలు పెడితే నల్లటి ప్లాస్టిక్ మూత తగిలింది. గాలి చొరని రంధ్రానికీ, గోడ మీద గీసిన కిటికీకీ భేదమేమిటి?

జెడ్4 గీతల్లో అంత ఆర్భాటం లేదు, అంత ఆకర్షణా లేదు. దాని గుడ్డ కప్పు పది సెకన్లలో తెరుచుకుంటుంది, అయితే మే నెలలో కడప ఎండకు దాన్ని మధ్యాహ్నం తెరిచే సాహసి ఎవరో నాకు తెలియదు.

విలువ మాటకొస్తే, మన దేశంలో అధికారికంగా అమ్మకానికి వచ్చింది జెడ్4 మాత్రమే. సుప్రా కావాలనుకున్నవారు భారీ దిగుమతి సుంకం కట్టి తెచ్చుకుని, ఆపైన విడిభాగాల కోసం ఎదురుచూడాలి. రూపానికి నా ఓటు సుప్రాకే. డబ్బు మాత్రం జెడ్4 మీదే పెడతాను.