లక్నవరంలో 3,200 రూపాయల గోడ

ములుగు జిల్లాలోని లక్నవరం చెరువుకి తప్పకుండా వెళ్ళండి, కానీ ఫొటో చూసి రూమ్ మాత్రం తీసుకోకండి. చెరువుకి దగ్గర్లోనే అని చెప్పుకునే ఒక ప్రైవేటు లాడ్జిలో 'లేక్ వ్యూ' గది 3,200కి బుక్ చేశాం. ఫొటోలో నీళ్ళ మధ్య చెట్లతో నిండిన దీవి కనిపించింది. తీరా వెళ్ళి కర్టెన్ తీస్తే పక్క బిల్డింగు గోడ! కౌంటర్లో అడిగితే "డాబా ఎక్కితే కనిపిస్తది సార్" అన్నాడు. ఎక్కాం, చెట్లు కనిపించాయి. పైగా అత్తయ్య కోసం అదనపు పరుపుకి 500, పొద్దున బకెట్ వేడినీళ్ళకి 50. గీజర్ ఉందిగా అంటే అది పనిచేయదట. ఆ రాత్రి మా ఆవిడ నాతో మాట్లాడలేదు, గది ఎంచింది తనే అయినా.



చెరువు దగ్గరికి వెళ్ళాక మాత్రం అందరి మూడూ మారిపోయింది. కాకతీయులు గుట్టల మధ్య సందులకు కట్టలు పోసి నీళ్ళు ఆపారు, మునగకుండా మిగిలిన ఎత్తులే ఈ దీవులు, మొత్తం 13 అంటారు. వేలాడే వంతెన మీదుగా వెళ్ళే దీవుల్లో రెస్టారెంటు, కాటేజీలు, సెల్ఫీల గోల, అవి నాకు పెద్దగా నచ్చలేదు. అసలు అందం బోటులో కాస్త దూరం వెళ్ళాక కనిపించే చిన్న దీవులది. మెట్లూ లేవు, బోర్డులూ లేవు, చెట్లు నీళ్ళ అంచుదాకా వంగి ఉంటాయి. కాసేపు దింపుతావా అంటే బోటతను ఒప్పుకోలేదు, "అక్కడ మనుషులతోని పనేముంది సార్" అన్నాడు. వంతెన ఊగుతుందని ముందు భయపడ్డ అత్తయ్య, తర్వాత మమ్మల్ని వదిలేసి ముందు నడిచారు.

ఆ వంతెన మధ్యలోనే మా ఆవిడ ఆగి ఫోన్ తీసింది. లాడ్జి వాళ్ళు పెట్టిన ఫొటో సరిగ్గా అక్కడి నుంచి తీసిందే! అదే దీవి, అదే కోణం. తనూ ఒక ఫొటో తీసి తెచ్చి కౌంటర్ మీద పెట్టింది. పరుపు డబ్బులు 500 వెనక్కిచ్చాడు, గది డబ్బులు ఇవ్వనన్నాడు.

నన్నడిగితే వరంగల్‌లోనో హన్మకొండలోనో ఉండి తెల్లారే బయల్దేరండి, 80 కిలోమీటర్లు ఉండొచ్చు. వానలు తగ్గాక వెళ్ళండి, ఎండాకాలంలో నీళ్ళు తగ్గితే ఆ దీవుల అందం సగం పోతుంది.