మధ్యాహ్నం మాత్రమే వెళ్లవలసిన మెస్సు

నెల్లూరులో చేపల పులుసు పెట్టని మాంసాహార హోటలును వెతికి పట్టుకోవడమే కష్టం కాబట్టి, ఇక్కడ ఒక భోజనశాలను అంచనా వేసేటప్పుడు ఆ పులుసును ఏ పూట వండారు, అందులో వేసిన చేప ఎక్కడిది, దానితో కలుపుకొనే అన్నం ఎలాంటిది అని అడగవలసి ఉంటుంది. మాగుంట లేఅవుట్ లోపలి వీధుల్లో, ఒక ఇంటి కింది భాగాన్ని హాలుగా మార్చి నడుపుతున్న ఈ మెస్సు మధ్యాహ్నం పూట ఈ మూడింటికీ మంచి సమాధానమే చెబుతుంది. రాత్రి పూట అదే వంటగదిలో అదే మనుషులు వండుతున్నా, మనం దారి తప్పి వేరే హోటలుకు వచ్చామేమో అనిపిస్తుంది.

పులుసును ఇక్కడ ముందురోజు రాత్రే వండి పెడతారు. చేపల పులుసుకు వండిన పూట కంటే మర్నాడు రుచి పెరుగుతుందని నెల్లూరులో ఏ ఇంట్లో అడిగినా చెబుతారు గాని, హోటళ్లలో ఆ ఓపిక ఉన్నవారు తక్కువ. ఉదయం వండి మధ్యాహ్నానికే వడ్డించేస్తే పులుపంతా పులుసులోనే ఉండిపోయి ముక్క చప్పగా మిగులుతుంది. ఇక్కడి ముక్కను విరిస్తే లోపలి కండ దాకా పులుసు రంగు పట్టి కనిపిస్తుంది. చిక్కదనం కోసం పిండి కలిపిన జాడ లేదు. ఎర్రగడ్డలు, టమాటాలు నూనెలో మగ్గి కరిగిపోవడం వల్ల వచ్చిన చిక్కదనమే అది. మెంతులు, ధనియాలు, ఆవాలు, జీలకర్ర వేయించి కొట్టిన పొడిని చివరలో చల్లుతారు. అందులో మెంతులు పిసరంత ఎక్కువైనా పులుసు చేదెక్కుతుంది. ఆ కొలత ఇక్కడ వంట చేసే ఆమె చేతికి బాగా తెలుసు. మామిడికాయను టెంకతో సహా పెద్ద ముక్కలుగా కోసి వేస్తారు కనుక, ఆ ముక్కను చప్పరించి టెంకను ఆకు అంచుకు చేర్చే పని కూడా భోజనంలో ఒక భాగమవుతుంది. కాయ దొరకని నెలల్లో మామిడి ఒరుగులు నానబెట్టి వేస్తారు. ఆ పులుసు రంగు ముదురుగా, రుచి కొంచెం వగరుగా ఉంటుంది. దానికీ అభిమానులున్నారు గాని నా ఓటు పచ్చికాయకే.

వారంలో కొన్ని రోజులు మాత్రమే ఉండే బొమ్మిడాయిల పులుసు కోసమైతే పొరుగూళ్ల నుంచి కూడా రావచ్చు. ఒళ్లంతా జిగురుగా ఉండే ఈ చేపను బూడిద, రాళ్ల ఉప్పు వేసి గరుకు బండ మీద ఓపికగా రుద్దితే తప్ప నీచు వాసన పోదు. ఆ శ్రమకు జడిసే చాలామంది ఇళ్లలో దీన్ని వండడం మానేశారు. నా ఆకులో పడిన ముక్క మీద చర్మం శుభ్రంగా, మెత్తగా ఉంది; మధ్య ముల్లును ఒక కొసన పట్టి మెల్లగా లాగితే కండ రెండు పాయలుగా విడిపోయి ముల్లు ఒక్కటే చేతికి వచ్చింది. ఉడికేటప్పుడు గరిటె పెట్టకుండా చట్టినే పట్టుకొని తిప్పితే తప్ప ముక్క అంత నిండుగా ఆకు దాకా రాదు.

సముద్రపు చేప విషయంలో వీరు పాటించే పద్ధతి మెచ్చుకోదగినది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు మరపడవల వేటపై నిషేధం ఉంటుంది. ఆ రోజుల్లో ఇక్కడి పలక మీద వంజరం పేరు చెరిపేసి మంచినీటి చేపలైన కొరమీను, బొచ్చె అని రాస్తారు. అదే కాలంలో ఎన్నాళ్లదో తెలియని మంచుపెట్టెలోని వంజరాన్ని తాజా చేపగా నమ్మించి వేపుడు పెట్టే చోట్లు ఊళ్లో లేకపోలేదు.

అన్నం గురించి చెప్పకపోతే నెల్లూరు భోజనం గురించి చెప్పినట్టే కాదు. మొలగొలుకుల రుచి తలుచుకొనే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు గాని, దాదాపు ఆరు నెలలు పొలంలో ఉండే ఆ వరిని వేసే రైతులు అరుదైపోయారు. ఇక్కడ వండేది నెల్లూరు పరిశోధన స్థానం నుంచి వచ్చిన ఎన్.ఎల్.ఆర్. 34449, అంటే అందరూ నెల్లూరు మసూరి అని పిలిచే సన్నబియ్యం, అది కూడా పాతవి. మెతుకు మెతుకుకు అంటుకోదు కాబట్టి పులుసు పోసుకున్నా అన్నం ముద్దకట్టదు. వడ్డించే పెద్దాయన రెండోసారి అడగకముందే వచ్చి, “పులుసు ఎంతైనా పోస్తాం సార్, ముక్కకు మాత్రం లెక్కుంది” అని నవ్వుతూ గరిటె వంచుతాడు. మిగిలిన వంటకాల్లో పప్పు, రసం, ఊరమిరపకాయలు బాగున్నాయి. సాంబారు తీపిగా ఉంది, కూరలు గుర్తుపెట్టుకోదగినవి కావు. చేప తినని వారు ప్రత్యేకంగా ఇక్కడికి రావలసిన పని లేదు.

రాత్రి ఏడు దాటాక ఆకు పోయి స్టీలు ప్లేటు వస్తుంది, పులుసు చట్టి స్థానంలో నూడుల్సు, ఫ్రైడ్ రైస్, రంగు వేసిన బిర్యానీ వస్తాయి. బిర్యానీలో మసాలా పైపైన తప్ప మెతుకులోకి దిగలేదు. రొయ్యల వేపుడు మరీ నిరాశపరిచింది. కేంద్రం 2009లో వనామీ రకం రొయ్యల సాగును అనుమతించాక ఇందుకూరుపేట, ముత్తుకూరు, విడవలూరు వైపు ఎక్కడ చూసినా రొయ్యల గుంటలే కనిపించే జిల్లాలో, పొట్టి రొయ్యలకు మొక్కజొన్న పిండి దట్టంగా పట్టించి రబ్బరులా సాగేదాకా వేయించి పెట్టడానికి ఏ సాకూ చెల్లదు. ఈ మాట గల్లాపెట్టె దగ్గర చెబితే, కుర్రవాళ్లు ఇవే అడుగుతున్నారని జవాబు వచ్చింది. అడుగుతున్నారేమో, కానీ మధ్యాహ్నం మిగిలిన పులుసుతో రాత్రి దోశ పెట్టినా అదే కుర్రవాళ్లు వరసలో నిలబడతారని నా నమ్మకం.

మధ్యాహ్న భోజనం 130 రూపాయలు, మామూలు చేపల పులుసు 180, బొమ్మిడాయిలు 250. పరిమాణానికీ నాణ్యతకూ ఈ ధరలు న్యాయమైనవే. పార్శిల్ అడిగితే కాగే పులుసును పలుచని ప్లాస్టిక్ సంచిలో పోసి రబ్బరు బ్యాండు చుట్టి ఇస్తారు, ఇది వెంటనే మానుకోవలసిన అలవాటు. స్టీలు క్యారియరు తీసుకువెళ్తే విసుక్కోకుండా అందులోనే నింపుతారు. బండ్లు పెట్టుకోవడానికి వీధిలో చోటు తక్కువ కనుక కారును పెద్ద రోడ్డు దగ్గరే ఆపి నడిచి రావడం మేలు. ఆదివారం ఒంటిగంట తరువాత వచ్చేవారు బొమ్మిడాయిల మీద ఆశ పెట్టుకోవద్దు. అప్పటికే చట్టి అడుగంటి ఉంటుంది.