డబ్బు కట్ అయితే పాలసీ వచ్చినట్టు కాదు: వైజాగ్‌లో బండి ఇన్సూరెన్స్ కట్టేవాళ్లకి హెచ్చరిక

ఇన్సూరెన్స్ రెన్యువల్ దగ్గరపడినవాళ్లు ముందు ఇది చదవండి. ఏజెంటు పేరు ఇక్కడ రాయను. పద్ధతి మీకు తెలిసిందే: వాట్సాప్‌లో లింకు పంపుతారు, యూపీఐలో కట్టమంటారు, స్క్రీన్‌షాట్ పెట్టమంటారు. నా ఖాతాలో డబ్బు కట్ అయింది, లింకులో మాత్రం పేమెంట్ ఫెయిల్ అని వచ్చింది. అడిగితే "కంగారు పడకండి సార్, డబ్బు వెళ్లింది కదా, పాలసీ వచ్చేసినట్టే, బండి తీసుకోండి" అన్నాడు. ఎన్‌ఏడీ ఫ్లైఓవర్ దగ్గర బండి దెబ్బతిని క్లెయిమ్ అడిగేసరికి అదే మనిషి, అదే గొంతుతో, "అసలు పాలసీయే లేదు కదండీ, క్లెయిమ్ ఎక్కడిది? మీరు చూసుకోవాలి కదా" అన్నాడు.

రిపేరు బిల్లు పోతే పోయింది. బండి తీసుకోమని చెప్పిన నోటితోనే ఆ మాట అనడం మాత్రం క్షమించలేను. ఆ రోజు బండి కింద మనిషి పడి ఉంటే ఏమయ్యేది?

చట్టం ఏం చెబుతుందో చూడండి. 1938 ఇన్సూరెన్స్ చట్టం 64వీబీ సెక్షన్ ప్రకారం ప్రీమియం ముందుగా కంపెనీకి అందితేనే రిస్కు, అంటే నష్టం భరించే బాధ్యత, కంపెనీ మీద మొదలవుతుంది. డబ్బు మీ ఖాతాలోంచి పోయి మధ్యలో ఆగిపోతే కంపెనీకి అందినట్టు కాదు. ట్రాన్సాక్షన్ ఐడీ, ప్రపోజల్ నంబరు, స్క్రీన్‌షాట్, ఇవేవీ పాలసీ కావు. ఏజెంటు చేతికే ప్రీమియం ఇచ్చి ఉంటే, బ్యాంకు, పోస్టాఫీసు సెలవులు పోను 24 గంటల్లో, తన కమీషన్ కూడా తీసుకోకుండా మొత్తం కంపెనీకి జమ చేయాలని అదే సెక్షన్ చెబుతుంది. కాబట్టి ఏజెంటుకి ఇచ్చిన ప్రతి రూపాయికీ తేదీ వేసిన రసీదు తీసుకోండి.

పాలసీ చేతికొచ్చాక చెక్కు బౌన్స్ అయితే లెక్క వేరు. మీ బండి నష్టానికి కంపెనీ పైసా ఇవ్వక్కర్లేదని 2001లో సీమా మల్హోత్రా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బయటి మనిషికి దెబ్బ తగిలితే మాత్రం, పాలసీ రద్దు చేసిన కబురు ప్రమాదానికి ముందే యజమానికి చేరకపోతే కంపెనీ పరిహారం కట్టాల్సిందేనని 2012లో లక్ష్మమ్మ కేసులో తేల్చింది. అందుకే రద్దు లెటరు వచ్చిందంటే దాన్ని పక్కన పడేయకండి. అది మీకు అందిన క్షణం నుంచి భారం మీ నెత్తిమీదే.

పాలసీ అసలు పుట్టనే లేదనుకోండి, అప్పుడు ప్రమాద కేసుల ట్రిబ్యునల్ వేసే పరిహారమంతా యజమానిదే. నడిపింది మీ తమ్ముడైనా, స్నేహితుడైనా సరే. కట్టకపోతే మోటారు వాహనాల చట్టం 174 సెక్షన్ కింద కలెక్టరు దాన్ని భూమిశిస్తు బకాయిలా వసూలు చేస్తారు. దీని ముందు చలానా చిన్నది: 196 సెక్షన్ కింద మొదటిసారి 2,000 రూపాయలు, మళ్లీ దొరికితే 4,000, లేదా 3 నెలల వరకు జైలు, లేదా రెండూ.

మీ బండికి ఏ భాగం అయిపోయిందో కూడా చూసుకోండి. 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త టూవీలర్‌కి 5 ఏళ్లు, కారుకి 3 ఏళ్ల థర్డ్ పార్టీ (బయటివాళ్లకి జరిగే నష్టానికి కవర్) ముందే కట్టించుకుంటున్నారు. ఏటా రెన్యువల్ చేసేది చాలామందికి సొంత బండి నష్టం భాగం ఒక్కటే. థర్డ్ పార్టీ గడువు ముగిసిన ఏడాది కూడా అలవాటుగా సొంత నష్టం ఒక్కటే కట్టేస్తే థర్డ్ పార్టీ లేకుండా తిరుగుతున్నట్టే.

పేమెంట్ ఫెయిల్ అయితే రీఫండ్ కోసం కూర్చోకండి. అదే రోజు కంపెనీ సొంత సైట్‌లో మళ్లీ కట్టండి. మర్చంట్‌కి చేరని యూపీఐ డబ్బు 5 రోజుల్లో వెనక్కి రావాలి, దాటితే రోజుకి 100 రూపాయలు మీకివ్వాలని 2019 నాటి రిజర్వు బ్యాంకు ఆదేశం ఉంది. 12 అంకెల యూపీఐ రిఫరెన్స్ నంబరుతో బ్యాంకుని అడగండి. పాలసీ పీడీఎఫ్ వచ్చాక నంబరు కంపెనీ సైట్‌లో సరిచూసి, రిస్కు మొదలయ్యే తేదీ, టైము చదివాకే బండి తీయండి. గడువు దాటాక కడితే పాత తేదీ నుంచి కవర్ రాదు. 90 రోజులు దాటితే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) కూడా పోతుంది.

ఏజెంటు మాట మారిస్తే అతను పంపిన మెసేజీలన్నీ దాచి, ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. తర్వాత ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ హెల్ప్‌లైన్ 155255కి ఫోన్ చేయొచ్చు. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (ఇలాంటి ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లండి. మన ఆంధ్రాకి అదే ఆఫీసు. ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు, కానీ ఏడాది లోపే వేయాలి.