ఫారెక్స్ కార్డు, వంద డాలర్ల నోట్లు: ఏళ్ల తరబడి వాడాక

ఫారెక్స్ కార్డు అంటే విదేశీ కరెన్సీని ముందే నింపుకుని వాడే ప్రీపెయిడ్ కార్డు. డాలర్లు నింపిన కార్డును అమెరికాలో నిశ్చింతగా వాడుకోవచ్చు. అదే కార్డును నమ్ముకుని థాయ్‌లాండ్‌కో వియత్నాంకో వెళ్తే అడుగడుగునా డబ్బు కారిపోతుంది. అక్కడికి వంద డాలర్ల నోట్లే తీసుకెళ్లాలి. ఒక ప్రైవేటు బ్యాంకు ఇచ్చిన కార్డును ఏళ్లుగా వాడుతూ, పిల్లల దగ్గరికి అమెరికాకూ, కుటుంబంతో ఆగ్నేయాసియాకూ వెళ్లివచ్చిన అనుభవంతో ఈ మాట అంటున్నాను. కార్డు అమ్మేవాళ్లు ‘ఏ దేశంలోనైనా చెల్లుతుంది’ అంటారు. నిజమే, చెల్లుతుంది. ఎంతకు చెల్లుతుందన్నదే అసలు లెక్క.

ఆ లెక్క డాలర్లు కొనే రోజే మొదలవుతుంది. హైదరాబాద్‌లో బషీర్‌బాగ్, హిమాయత్‌నగర్ వైపు మార్పిడి దుకాణాలున్నాయి. ‘కమీషన్ లేదు’ అన్న బోర్డును పట్టించుకోకండి, అది రేటులోనే కలిసి ఉంటుంది. నేను ఫోను చేసి ఒకే ప్రశ్న అడుగుతాను: ‘వెయ్యి డాలర్లకు పన్నుతో సహా మొత్తం ఎన్ని రూపాయలు కట్టాలి?’ నాలుగు చోట్ల అడిగితే నాలుగు అంకెలు వస్తాయి. తక్కువ చెప్పినచోటు పేరెత్తితే మిగతావాళ్లూ కాస్త దిగుతారు. బంగారం కొట్లో తరుగు దగ్గర గంటసేపు బేరమాడే మనం ఇక్కడ మొహమాటపడాల్సిన పనిలేదు. జీఎస్టీ పెద్ద భారమేమీ కాదు, లక్ష రూపాయల మార్పిడికి 180 రూపాయలు. మొత్తం 50,000 రూపాయలు దాటితే నగదు తీసుకోరు, బ్యాంకు ద్వారానే కట్టాలి. పాస్‌పోర్టు, పాన్, టికెట్ అడుగుతారు. అవేమీ అడగకుండా డాలర్లు చేతిలో పెట్టేవాళ్ల దగ్గర కొనకండి, బిల్లు లేని కరెన్సీ ఎప్పటికైనా తలనొప్పే. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం చాలా దేశాలకు ఒక్కో ప్రయాణానికి మనిషికి 3,000 డాలర్ల వరకే నోట్లుగా ఇస్తారు. విమానాశ్రయంలో కొనడం మాత్రం వద్దే వద్దు, ఊళ్లోని రేటుకూ అక్కడి రేటుకూ పొంతనే ఉండదు.

ఇక అమెరికా. మామూలు క్రెడిట్ కార్డుల మీద విదేశీ ఖర్చుకు 3.5 శాతం, దాని మీద జీఎస్టీ కలిపి 4.13 శాతం పడుతుంది. లక్ష రూపాయల ఖర్చుకు 4,130 రూపాయలు ఊరికే పోయినట్టే. డాలర్ల కార్డుతో డాలర్లలోనే కడితే ఆ బెడద లేదు. రూపాయి పడిపోతున్న రోజుల్లో ముందే నింపుకున్న రేటు అలాగే నిలిచి ఉండటం పెద్ద ఊరట. కిరాణా, మందుల దుకాణం, రైలు టికెట్, అన్నిచోట్లా ఈ కార్డు నన్ను ఆదుకుంది. చిక్కల్లా హోటళ్లతోనే. గదిలోకి వెళ్లేటప్పుడు డిపాజిట్ కింద కొంత సొమ్మును కార్డులో ఆపేస్తారు. ఖాళీ చేశాక కూడా అది తిరిగి చేతికందడానికి రోజులు పడుతుంది, అంతవరకూ ఆ డబ్బు ఉన్నా లేనట్టే. అందుకే డిపాజిట్‌కు క్రెడిట్ కార్డు చూపించి, చివరి బిల్లు ఫారెక్స్ కార్డుతో కడతాను. అద్దె కార్లవాళ్లు చాలామంది ఇలాంటి ప్రీపెయిడ్ కార్డును అసలు ఒప్పుకోరు. నగదు అవసరం తక్కువే గానీ, టిప్పులకు ఒకటి, అయిదు డాలర్ల నోట్లు దగ్గర ఉండాలి.

థాయ్‌లాండ్‌లో కథ మొత్తం మారిపోతుంది. డాలర్ల కార్డుతో అక్కడి కరెన్సీ అయిన బాట్‌లలో కడితే మా బ్యాంకు కరెన్సీ మార్పిడి పేరుతో 3.5 శాతం పట్టుకుంటుంది. ఏటీఎంకు వెళ్తే విదేశీ కార్డు కాబట్టి అక్కడి బ్యాంకు విడిగా 220 బాట్ గానీ అంతకంటే ఎక్కువ గానీ తీసుకుంటుంది. 5,000 బాట్ తీస్తే ఆ రుసుమే 4.4 శాతం. రెండూ కలిస్తే దాదాపు ఎనిమిది శాతం! కొన్ని కార్డుల్లో నేరుగా బాట్ నింపుకోవచ్చు గానీ, నింపేటప్పుడు ఇచ్చే రేటు చూశాక నాకు మనసొప్పలేదు. వంద డాలర్ల నోటుకు బ్యాంకాక్‌లో దొరికే రేటు చాలా మెరుగు. యాభై నోటుకు కాస్త తక్కువ, ఇరవై, పది నోట్లకు ఇంకా తక్కువ ఇస్తారు. కాబట్టి హైదరాబాద్‌లోనే వందల నోట్లు అడిగి తీసుకోండి. పెన్ను గీత, ముద్ర, చిరుగు ఉన్న నోటును కౌంటర్లోనే మార్చమనండి, అక్కడ తీసుకోరు. బ్యాంకాక్‌లోని సువర్ణభూమి విమానాశ్రయంలో బయటికి రాగానే కనిపించే బ్యాంకు కౌంటర్ల దగ్గర ఆగకుండా, రైలు ఎక్కే కింది అంతస్తుకు వెళ్తే మంచి రేటు ఇచ్చే దుకాణాలున్నాయి. పాస్‌పోర్టు చేతిలో ఉండాలి.

వియత్నాం కరెన్సీ డాంగ్. అక్కడ 20,000 డాంగ్‌ల నోటూ, 5,00,000 డాంగ్‌ల నోటూ రెండూ నీలి రంగువే. రాత్రి పూట టాక్సీలో తొందరపడి తీస్తే ఇరవై అయిదు రెట్లు ఇచ్చేస్తారు. పెద్ద నోట్లను పర్సులో వేరే అరలో పెట్టుకోవడం ఒక్కటే మార్గం. అనుమతి లేని బంగారు దుకాణాల్లో డాలర్లు మార్చడం అక్కడ చట్టవిరుద్ధం, బ్యాంకులోనే మార్చుకోండి.

ఎంత నగదు కావాలన్నది చాలామంది ‘రోజుకు ఇంత’ అని గుండుగుత్తగా వేస్తారు. నా పద్ధతి వేరు. హోటలు, విమానం, పెద్ద టికెట్లు ముందే లెక్కలోంచి తీసేసి, చేతితో ఇచ్చేవి మాత్రమే లెక్కిస్తాను: వీధి భోజనం, లోకల్ బండి, పడవ, గుళ్ల ప్రవేశం. బ్యాంకాక్ గ్రాండ్ ప్యాలెస్ టికెట్ ఒక్కటే మనిషికి 500 బాట్, నలుగురుంటే పూటలో 2,000. మొత్తంలో సగమే మొదట మారుస్తాను. మిగతా వందల నోట్లు విడిగా, కుటుంబంలో ఇద్దరి దగ్గర ఉంటాయి. ఎక్కడైనా కార్డు గీకినప్పుడు మెషీన్ ‘రూపాయల్లోనా, స్థానిక కరెన్సీలోనా’ అని అడిగితే ఎప్పుడూ స్థానిక కరెన్సీయే నొక్కండి. రూపాయలు అంటే రేటు వాళ్లది, నష్టం మనది.

కార్డు మీద నాకున్న ఫిర్యాదు తిరిగొచ్చాక మొదలవుతుంది. మిగిలిన డాలర్లను రూపాయల్లోకి మార్చమంటే బ్యాంకు తన కొనే రేటు కడుతుంది, అది నింపిన రేటు కంటే బాగా తక్కువ. కొంతకాలం వాడకపోతే రుసుము వేస్తుంది. ఆ సంగతి కార్డు ఇచ్చిన రోజున ఎవరూ చెప్పరు, చెప్పి తీరాలి. అందుకే నింపేటప్పుడే తక్కువ నింపి, అవసరమైతే అక్కడి నుంచి యాప్‌లో మళ్లీ నింపుతాను. ఓటీపీ మన నంబరుకే వస్తుంది కాబట్టి రోమింగ్ తప్పనిసరి. నోట్లు మిగిలితే 2,000 డాలర్ల వరకు మన దగ్గరే ఉంచుకోవచ్చు, మళ్లీ వెళ్లినప్పుడు పనికొస్తాయి. డాంగ్‌లు, బాట్‌లు మాత్రం మిగల్చకండి. హైదరాబాద్‌లో వాటికి ఇచ్చే ధర వింటే బాధేస్తుంది. చివరి రోజు హోటలు బిల్లులో వాటిని కట్టేసి, తక్కువపడిన దానికే కార్డు తీయండి.