ప్రెడ్నిసోలోనా, బుడెసొనైడా? పిల్లల ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌కు ఏది మేలు?

ఒంటి రోగనిరోధక శక్తే లివర్‌పై దాడి చేసే జబ్బు ఆటోఇమ్యూన్ హెపటైటిస్. ఈ జబ్బు ఉందని తేలిన పిల్లల తల్లిదండ్రులు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే: "ప్రెడ్నిసోలోన్‌తో పాప ముఖం ఉబ్బిపోతోంది. బదులుగా బుడెసొనైడ్ వాడకూడదా?"

అడగడంలో న్యాయం ఉంది. బుడెసొనైడ్ కూడా స్టెరాయిడే. కానీ పేగుల నుంచి నేరుగా లివర్‌కు చేరి, దాదాపు 90 శాతం అక్కడే విరిగిపోతుంది. మిగతా ఒంటికి అందేది కొంచెమే. 9 నుంచి 17 ఏళ్ల పిల్లలు 46 మందితో చేసిన ఒక ట్రయల్‌లో, ఆరు నెలలకు ప్రెడ్నిసోన్ (ఒంట్లో ప్రెడ్నిసోలోన్‌గా మారే మందు) వాడినవాళ్లు సగటున 5 కిలోల బరువు పెరిగితే బుడెసొనైడ్ వాడినవాళ్లు కిలో పైచిలుకే పెరిగారు.

అయినా నేను ముందు చూసేది బయాప్సీ (లివర్ నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) రిపోర్టే. సిరోసిస్, అంటే లివర్ మచ్చలు పడి గట్టిపడటం, ఉందా, లేదా? బుడెసొనైడ్‌ను విరగ్గొట్టాల్సింది ఆ లివరే కదా. మచ్చలు పడి గట్టిపడ్డాక రక్తం లివర్‌ను తప్పించుకుని పక్కదారులు పడుతుంది, మందూ దానితోనే పోతుంది. అప్పుడు లివర్‌కు అందాల్సింది అందదు, తప్పుతాయనుకున్న సైడ్ ఎఫెక్టులూ తప్పవు. పిల్లల్లో జబ్బు బయటపడేసరికే సిరోసిస్ ఉండటం అరుదేమీ కాదు. పైన చెప్పిన ట్రయల్‌లో సిరోసిస్ ఉన్నవాళ్లను తీసుకోనే లేదు.

అందుకే మొదట ప్రెడ్నిసోలోన్‌కే నా ఓటు. మామూలుగా కిలో బరువుకు రోజుకు 2 మిల్లీగ్రాములతో, మొత్తం రోజుకు 60 మిల్లీగ్రాములు దాటకుండా మొదలుపెడతారు. రక్తపరీక్షలో లివర్ ఎంజైములు దిగుతున్న కొద్దీ 4 నుంచి 8 వారాల్లో డోసు బాగా తగ్గిస్తారు. రోగనిరోధక శక్తిని అణిచే అజాథయోప్రిన్ అనే మందు తోడైతే స్టెరాయిడ్‌ను తక్కువలోనే ఉంచవచ్చు. డోసు తగ్గితే ముఖం వాపూ తగ్గుతుంది.

అలాంటిదే మరో మందు మైకోఫినోలేట్, అజాథయోప్రిన్ పడనివాళ్లకు. గర్భస్థ శిశువుకు హాని చేస్తుంది కాబట్టి ఎదిగిన ఆడపిల్లల విషయంలో జాగ్రత్త. ఇదే కోవకు చెందిన టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ మొండి కేసులకు.

మరి బుడెసొనైడ్? సిరోసిస్ లేదు, జబ్బు అదుపులోకి వచ్చింది, కానీ టీనేజ్ పిల్ల అద్దం చూసుకుని ఏడుస్తోంది. అప్పుడు మార్పు గురించి డాక్టర్‌తో తప్పక మాట్లాడండి. ఆ వయసులో నాకున్న పెద్ద భయం, ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేస్తారేమోనని. మానేస్తే జబ్బు తిరగబెడుతుంది. పైగా స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపడమే ప్రమాదం. డోసు ఏ వారం ఎంత తగ్గబోతోందో ఆ పిల్లకే కాగితం మీద రాసి ఇమ్మని డాక్టర్‌ని అడగండి.