ఐపీఆప్ట్ రివ్యూ: లెక్క దానిది, లింకింగ్ మనది

ఐపీఆప్ట్ అనే ఆప్టిమైజేషన్ లైబ్రరీకి నేను ఐదుకి నాలుగు ఇస్తాను. పోయిన ఆ ఒక్క మార్కూ లెక్కల్లో పోలేదు, లైబ్రరీలన్నిటినీ మన ప్రోగ్రామ్‌తో కలిపే లింకింగ్‌లో పోయింది.

నేను విశాఖలో ఒక చిన్న కంపెనీలో ప్రాసెస్ సిమ్యులేషన్ పని చేస్తాను. చదివింది కెమికల్ ఇంజనీరింగ్, కూడు పెడుతున్నది సీ ప్లస్ ప్లస్. రియాక్టర్‌ని ఏ సమయంలో ఎంత వేడిలో ఉంచితే, భద్రత హద్దులు దాటకుండా, సరుకు ఎక్కువ వస్తుందో వెతికి పెట్టే మాడ్యూల్ మాది. వేరియబుల్స్ వేలల్లో ఉంటాయి. సమీకరణాల్లో ఒక్కటీ సరళరేఖలో నడవదు. ఇలాంటి పనికి ఉచితంగా దొరికేవాటిలో దీన్ని మించింది నాకింతవరకూ కనపడలేదు. అందులో వింతేమీ లేదు, అది పుట్టిందే మా శాఖలో. పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్‌లో కెమికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్ లారీ బీగ్లర్ దగ్గర ఆండ్రియాస్ వేఖ్టర్ చేసిన పీహెచ్‌డీ పని అది. మొదట ఫోర్ట్రాన్‌లో ఉండేది. తర్వాత వేఖ్టర్, కార్ల్ లెయిర్డ్ కలిసి సీ ప్లస్ ప్లస్‌లో తిరగరాశారు. ఆ సాఫ్ట్‌వేర్‌కే 2011లో వాళ్ళిద్దరికీ న్యూమరికల్ సాఫ్ట్‌వేర్‌కిచ్చే విల్కిన్సన్ ప్రైజ్ వచ్చింది.

మరి మార్కు ఎందుకు కోశానంటే, ఈ లైబ్రరీ ఒంటరిగా రాదు. ప్రతి ఇటరేషన్‌లోనూ ఒక పెద్ద స్పార్స్ లీనియర్ సిస్టమ్ (చాలావరకు సున్నాలే ఉండే సరళ సమీకరణాల గుంపు) సాల్వ్ చేయాలి. ఆ బరువు పని ఐపీఆప్ట్ చేయదు, లీనియర్ సాల్వర్ అనే ఇంకొకరికి అప్పగిస్తుంది. ఆ ఇంకొకరు మంప్స్ కావచ్చు, హెచ్ఎస్ఎల్ అనే లైబ్రరీలోని ఎంఏ27, ఎంఏ57 కావచ్చు, పార్డిసో కావచ్చు, స్ప్రాల్ కావచ్చు. వాటి కింద మళ్ళీ మాట్రిక్స్ లెక్కలు చేసిపెట్టే లాపాక్, బ్లాస్. వీటిలో చాలా భాగం ఫోర్ట్రానే. పెళ్ళికి పిలిస్తే బంధుబలగం మొత్తాన్నీ వెంటబెట్టుకొచ్చే చుట్టం లాంటిది. ఒక్కడికి విస్తరి తక్కువైనా ఎవరూ భోజనానికి కూర్చోరు.

మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు మొదటిసారి స్టాటిక్‌గా (లైబ్రరీల కోడ్ మన ప్రోగ్రామ్‌లోనే కలిసిపోయేలా) లింక్ చేసినప్పుడు స్క్రీన్ నిండా "అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్" వరసలు వచ్చాయి. "మేడమ్, ఇది కరప్ట్ అయినట్టుంది, మళ్ళీ డౌన్‌లోడ్ చేయనా?" అన్నాడు. వద్దన్నాను. ఆ వరసల్ని చూసి బెదిరిపోకుండా పేర్లు చదవాలి, ఏది తక్కువైందో అవే చెబుతాయి. డీజెమ్ లాంటి రొటీన్ పేరు చివర అండర్‌స్కోర్ తగిలించుకుని కనిపిస్తే బ్లాసో లాపాకో లింక్ కాలేదు. ఫోర్ట్రాన్ కంపైలర్ మామూలుగా రొటీన్ పేరుకి వెనక అండర్‌స్కోర్ పెడుతుంది కాబట్టే ఆ తోక. డీమంప్స్ అని మొదలైతే మంప్స్ లేదు. ఎంఏ27 అని మొదలైతే హెచ్ఎస్ఎల్ లేదు. అండర్‌స్కోర్ ముందుండి ఆ తర్వాత జీఫోర్ట్రాన్ అని ఉంటే ఫోర్ట్రాన్ రన్‌టైమ్ కలపలేదు. మావాడి స్క్రీన్ మీద నాలుగో రకం ఒక్కటే ఉంది. లింక్ లైన్ చివర జీఫోర్ట్రాన్ చేర్చగానే ఆ జాబితా మొత్తం మాయమైంది. చివర అని ఊరికే అనలేదు. లింకర్ ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ పోతుంది. అడిగేవాడు ముందు, ఇచ్చేవాడు తర్వాత ఉండాలి: మన ఆబ్జెక్ట్ ఫైళ్ళు, ఐపీఆప్ట్, మంప్స్, లాపాక్, బ్లాస్, అటుపైన జీఫోర్ట్రాన్.

ఈ వరస చేత్తో రాసే అవసరం మామూలుగా ఉండదు. ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు ఐపీఆప్ట్ ఒక పీసీ ఫైల్ పెట్టి వెళుతుంది. ఆ ఫైల్ చదివే ప్యాకేజ్ కాన్ఫిగ్ అనే టూల్‌ని అడిగితే మొత్తం అదే చెబుతుంది, స్టాటిక్ కావాలంటే స్టాటిక్ అని అడగాలి, అంతే. దీని బిల్డ్ ఆటోటూల్స్‌తో నడుస్తుంది కాబట్టి, సీమేక్ అనే వేరే బిల్డ్ టూల్ వాడే ప్రాజెక్టుల్లో కూడా ప్యాకేజ్ కాన్ఫిగ్ మాడ్యూల్ ద్వారా ఇంపోర్టెడ్ టార్గెట్ తెచ్చుకోవడమే సుఖం. హెడర్ ఫైళ్ళ దారి కూడా అదే చూసుకుంటుంది. ఒకప్పుడు "కాయిన్" ఫోల్డర్లో ఉండేవి, ఐపీఆప్ట్ 3.13 వెర్షన్ నుంచి "కాయిన్-ఓఆర్" ఫోల్డర్లోకి వెళ్ళాయి. పాత బ్లాగులు చూసి దారి చేత్తో రాసుకున్నవాళ్ళు ఇక్కడే బోల్తా పడతారు.

ఇక ఎలా తెచ్చుకోవాలి? నేర్చుకోవడానికైతే లినక్స్‌లో డెబియన్, ఉబుంటు రిపాజిటరీలో ఉన్న డెవ్ ప్యాకేజీ చాలు, లేదా కోండా-ఫోర్జ్. రెండూ మంప్స్‌తో వస్తాయి. కాకపోతే వెర్షన్ చూసుకోండి. ఉబుంటు 20.04లో వచ్చేది 3.11.9. దాని హెడర్లు "ఎస్‌టీడీడెఫ్ హెడర్ లేదు" అంటూ మొండికేస్తాయి. హ్యావ్ సీఎస్‌టీడీడెఫ్ అనే మాక్రో మనమే డిఫైన్ చేస్తే గానీ దారికి రావు. దాంతో వేగేకంటే 3.14 బిల్డ్ చేసుకోవడం మేలు. కాయిన్‌బ్రూ అనే స్క్రిప్టు ఉంది, దాంతో ఫెచ్, బిల్డ్ అని రెండు కమాండ్లు. డిపెండెన్సీలు చాలావరకు అదే తెచ్చుకుంటుంది, ప్రిఫిక్స్ (ఎక్కడ ఇన్‌స్టాల్ అవ్వాలో ఆ చోటు) మాత్రం హోమ్ డైరెక్టరీలో ఇవ్వండి. ఆ తర్వాత ప్రోగ్రామ్ రన్ చేస్తే "లిబ్‌ఐపీఆప్ట్ ఎస్ఓ 3 తెరవలేకపోయాను" అంటే కంగారు అక్కర్లేదు. ఆర్‌పాత్ (లైబ్రరీ ఎక్కడుందో ప్రోగ్రామ్‌లోనే రాసిపెట్టే దారి) పెట్టండి, లేదా లైబ్రరీ పాత్ వేరియబుల్‌లో ఆ ఫోల్డర్ చేర్చండి.

మంప్స్ చాలదా అంటే చిన్నవాటికి చాలు. మా పెద్ద మోడల్స్‌కి ఎంఏ57 వేసి చూశాక వెనక్కి వెళ్ళాలనిపించలేదు. అయితే హెచ్ఎస్ఎల్ బ్రిటన్ వాళ్ళ రూథర్‌ఫర్డ్ యాపిల్టన్ లేబొరేటరీ సరుకు, దాని లైసెన్స్ వేరు. ఐపీఆప్ట్ది ఎక్లిప్స్ పబ్లిక్ లైసెన్స్. ఈ రెంటినీ ఒక ప్యాకేజీలో కలిపి క్లయింట్‌కి పంపేముందు లాయర్‌ని అడగండి, ప్రోగ్రామర్‌ని కాదు. 3.14లో నాకు బాగా నచ్చింది ఇక్కడే ఉంది. హెచ్ఎస్ఎల్‌ని లింక్ చేయకపోయినా రన్ అయ్యేటప్పుడు లోడ్ చేసుకుంటుంది. లైబ్రరీ ఎక్కడుందో హెచ్ఎస్ఎల్‌లిబ్ అనే ఆప్షన్‌లో రాస్తే చాలు. క్లయింట్ తన లైసెన్స్‌తో తను తెచ్చుకుంటాడు, మన బిల్డ్ ముట్టుకోనక్కర్లేదు.

బిల్డ్ అయ్యాక ఐపీఆప్ట్‌తో వచ్చే హెచ్ఎస్071 అనే చిన్న ఉదాహరణ నడపండి. నాలుగు వేరియబుల్స్, రెండు నిబంధనలు. 1, 5, 5, 1 దగ్గర మొదలుపెడితే ఆబ్జెక్టివ్ 17.014 దగ్గర ఆగాలి. జవాబుతో పాటు పైన వచ్చే వరసనీ చూడండి. ఏ వెర్షనో, ఏ లీనియర్ సాల్వర్‌తో నడుస్తోందో అక్కడ ఉంటుంది. ఎంఏ57 పెట్టామనుకుంటూ నెలల తరబడి మంప్స్ మీదే నడిపించిన వాళ్ళని చూశాను.

జవాబు సరిగ్గానే వచ్చి మరీ నిదానంగా ఉంటే ఐపీఆప్ట్‌ని తిట్టేముందు, మీ బ్లాస్ ఓపెన్‌బ్లాస్ అయితే దాన్ని చూడండి. అది మెషీన్‌లో ఎన్ని కోర్లుంటే అన్నీ పట్టేసుకుంటుంది. చిన్న చిన్న బ్లాకుల మీద థ్రెడ్లు నిలిపి లేపే ఖర్చే అసలు లెక్కకంటే ఎక్కువవుతుంది. ఓపెన్‌బ్లాస్ థ్రెడ్ల సంఖ్య 1కి దించి మళ్ళీ కొలవండి. అలా కాక మొదటి అడుగులోనే సెగ్మెంటేషన్ ఫాల్ట్ వస్తే, 64 బిట్ ఇంటీజర్ల బ్లాస్‌ని 32 బిట్ ఇంటీజర్లతో పిలుస్తున్నారేమో చూడండి. ఇంటెల్ వాళ్ళ ఎంకేఎల్‌ని బ్లాస్‌గా వాడేవాళ్ళకి ఇది తెలిసిన పీడకలే. లింకర్ దీన్ని పట్టుకోలేదు, పేర్లు రెండిటికీ ఒకటే కదా.

కోడ్ వైపు చెప్పాల్సింది తక్కువ. మన సమస్యని ఐపీఆప్ట్‌కి వివరించే టీఎన్ఎల్‌పీ క్లాస్‌ని వారసత్వంగా తీసుకుని ఫంక్షన్లు రాయాలి, ఆబ్జెక్ట్‌ని ఐపీఆప్ట్ సొంత స్మార్ట్ పాయింటర్‌లోనే ఉంచాలి, మనం డిలీట్ చేయకూడదు. డెరివేటివ్ టెస్ట్ అనే ఆప్షన్‌కి మాత్రం విడిగా ఒక దండం. జాకోబియన్‌లో (నిబంధనల డెరివేటివ్‌ల పట్టికలో) ఏ ఎంట్రీ తప్పు రాశామో వేలెత్తి చూపిస్తుంది. డబ్బులు పెట్టి కొన్న సాల్వర్లలో కూడా ఇంత ఓపిగ్గా చెప్పేది నేను చూడలేదు.

విండోస్ వాళ్ళు సోర్స్ జోలికి పోకండి. ప్రాజెక్టు రిలీజ్ పేజీలో తయారు జిప్ ఉంది. మా క్లయింట్లకి మేమిచ్చేదీ అదే.