భీమవరం ఎయిర్ రైఫిల్ రేంజ్: స్నేహపూర్వక పోటీకి ఎలా ఉంది?
పది మీటర్ల లేన్లలో వెలుతురు భేష్, గురి కార్డు మీద నీడ పడదు. కార్డు మధ్య చుక్క ఎత్తు కూడా నేల నుంచి సరిగ్గా 1.4 మీటర్లే.

చిక్కంతా అద్దెకిచ్చే స్ప్రింగ్ రైఫిళ్లతోనే. మన డెల్టా చెమ్మకు తుప్పు పడుతుందని గొట్టం నిండా నూనె పూసేస్తున్నారు. స్ప్రింగ్ తోసే పిస్టన్ నొక్కిన గాలి వేడికి ఆ నూనె అంటుకుని మొదటి గుళ్లు పొగతో, ఢాంమని పోతాయి. గురి పైకీ కిందికీ తప్పుతుంది. పోటీకి ముందు పొడి ఫెల్ట్ (ఒత్తిన ఉన్ని) ముక్కలు రెండు గొట్టంలోంచి తోయించి, అయిదారు గుళ్లు ఊరికే కాల్చండి.

4.5 మి.మీ. గుళ్ల డబ్బా సొంతంది పట్టుకెళ్లండి, అక్కడివి అంచులు నొక్కుకుపోయి ఉన్నాయి. ఉదయం చెమ్మ ఎక్కువ, మధ్యాహ్నం స్లాటే తీసుకోండి: చెమ్మకు మెత్తబడిన కార్డులో చిల్లు చిరిగితే, గుండు పాయింట్ల గీత తాకిందో లేదో తేలక తగాదా.